పాఠకుల ప్రశ్నలు: రెండు జనసంఖ్యల మధ్య

ప్రశ్న: బైబిలులోని సంఖ్యాకాండము 26వ అధ్యాయాన్ని మా సండే స్కూలు పిల్లలకు చెబుతున్నాను. సీనాయి అరణ్యంలో లెక్కించినప్పుడు ఇరవై ఏళ్లు మొదలుకొని పైబడిన ఇశ్రాయేలీయ పురుషులు 6,03,550 మంది. మోయాబు మైదానాల్లో 6,01,730 మంది. తగ్గినది 1,820 మందే అయితే దేవుని తీర్పు ఎక్కడుందని ఒక పిల్లవాడు అడిగాడు. ఏమని చెప్పాలి?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, ఆ పిల్లవాడు అడగవలసిన ప్రశ్నే అడిగాడు. మొత్తాలు దాదాపు ఒకటే గాని, మనుషులు ఒకరు కారు. ఇక్కడ తిరుపతిలో మా సంఘపు పాత సభ్యత్వ రిజిస్టరును కొత్త పుస్తకంలోకి ఎక్కించే పని ఒకసారి నాకు అప్పగించారు. సభ్యుల సంఖ్య పెద్దగా మారలేదు. పేజీలు తిప్పితే మాత్రం ఎర్రసిరా గీతలు, వాటి పక్కన ‘ప్రభువునందు నిద్రించెను’ అన్న మాటలు. ఈ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఆ పేజీలే గుర్తుకొస్తాయి.

దేవుడు వాగ్దానం చేసిన కనాను దేశాన్ని చూసివచ్చిన వేగులవారి మాటలకు భయపడి జనం సణిగినప్పుడు, ఇరవై ఏళ్లు మొదలుకొని లెక్కింపబడినవారు అరణ్యంలోనే రాలిపోతారని, దోపుడవుతారని వారు ఏడ్చిన పిల్లలనే ఆ దేశంలోకి తీసుకువెళతానని దేవుడు 14వ అధ్యాయంలో ఒకే నోట చెప్పాడు. సుమారు 38 ఏళ్ల తరువాత యెరికో ఎదుట, యొర్దాను దగ్గర మోషే, అహరోను కుమారుడు ఎలియాజరు లెక్క తీసేసరికి ఆ రెండు మాటలూ నెరవేరి ఉన్నాయి: పాతవారిలో కాలేబు, యెహోషువ మాత్రమే మిగిలారు, వారి చుట్టూ నిలబడినది ఆ పిల్లలే. మొదటిసారి మోషేతో కలిసి లెక్కించిన అహరోను కూడా అప్పటికి లేడు. శిక్ష విషయంలో మాట తప్పని దేవుడు వాగ్దానం విషయంలోనూ తప్పలేదు. ఈ జాబితా ప్రకారమే దేశాన్ని పంచమన్నాడు.

గోత్రాల వారీగా చూస్తే తీర్పు ఇంకా స్పష్టం. షిమ్యోనీయులు 59,300 నుండి 22,200కు పడిపోయారు. దీనికి ముందు అధ్యాయంలోనే పెయోరు దగ్గర తెగులుతో 24,000 మంది చనిపోయారు, అక్కడ బాహాటంగా పాపం చేసిన జిమ్రీ షిమ్యోనీయులలో ఒక కుటుంబానికి ప్రధాని. ఈ రెంటికీ సంబంధముందనే నేను నమ్ముతున్నాను.

అయితే పిల్లలకు చెప్పేటప్పుడు 11వ వచనం దగ్గర ఆగండి. మోషే మీద తిరగబడిన కోరహును భూమి మింగిన సంగతి చెప్పిన వెంటనే, అతని కుమారులు చావలేదని అక్కడ ఉంది. దేవుని మందిర ద్వారం దగ్గర ఉండటమే మేలని పాడిన 84వ కీర్తన ఆ కోరహు కుమారుల పేరుతోనే ఉంది. ఆ వచనాన్ని ప్రశ్న అడిగిన పిల్లవాడి చేతనే చదివించండి.