సిగిరియా, దంబుల్లా గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

శ్రీలంకలోని సిగిరియా కొండనీ, దంబుల్లా గుహాలయాల్నీ ఒకే రోజులో చూడ్డం గురించి నువ్వు రాసిన వ్యాసం చిత్తుప్రతి చదివాను. పదకొండున్నరకి సిగిరియా ఎక్కడం మొదలుపెట్టి ఒంటిగంటకల్లా దంబుల్లా గుహలో ఉన్నట్టు రాశావు. అది కుదిరే పని కాదు. సిగిరియా ఎక్కి, దారిలో బొమ్మలు చూసి, పైన కాసేపు తిరిగి దిగాలంటే రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. అక్కణ్ణించి దంబుల్లా 20 కిలోమీటర్లకి కాస్త తక్కువ, కారులో అరగంట. నీ లెక్క నమ్మి ఎవరైనా ముసలి తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని బయల్దేరితే మిట్టమధ్యాహ్నం బండ మీద ఇరుక్కుపోతారు. నీ పోలిక ఒకటి పేలవంగా ఉంటే చదివేవాళ్లు దాటేసి ముందుకెళ్తారు. గంటల లెక్క తప్పితే మాత్రం వాళ్ల రోజంతా పాడవుతుంది.

అందుకని వ్యాసం ముట్టుకోకముందు ఆ రోజుని కాగితం మీద విడగొట్టు. కొలంబో నుంచి వెళ్లడానికి సుమారు 4 గంటలు, రావడానికి 4. సిగిరియాకి 3, మధ్యలో అరగంట ప్రయాణం, దంబుల్లాకి గంటన్నర, భోజనానికి గంట. మొత్తం 14 గంటలు, అందులో సగం కంటే ఎక్కువ కారులోనే. తెల్లవారుజామున 4కి బయల్దేరితేనే 8కి కొండ కింద ఉంటారు. క్యాండీలో బస చేసినవాళ్లకి ఒకవైపు ప్రయాణం రెండున్నర గంటలే కాబట్టి అదే రోజు 11 గంటల్లో ముగుస్తుంది. నీ వ్యాసం ఏ ఊళ్లో బయల్దేరిందో మొదటి పేరాలోనే చెప్పు. నువ్వు దాన్ని ఎక్కడా చెప్పలేదు.

సిగిరియా ముందా, దంబుల్లా ముందా అన్నదానికి నువ్వు ఇచ్చిన కారణం 'దారిలో పడుతుంది కనక' అని. అసలు కారణం ఎండ. సిగిరియాలో మెట్ల దారి చాలామటుకు కొండ పడమటి ముఖం మీదుగా పోతుంది. పొద్దున పూట ఆ వైపంతా కొండ నీడలో ఉంటుంది, మధ్యాహ్నం దాటితే ఎండ సూటిగా అక్కడే కొడుతుంది. పైన చదును మీద నీడ తక్కువ, నీళ్లు దొరకవు, మరుగుదొడ్డి లేదు. దంబుల్లాలో గుహల లోపల చల్లగానే ఉంటుంది గానీ చెప్పులు బయటే వదలాలి. వదిలిన చోటు నుంచి గుహ గుమ్మం దాకా బండ కాలిపోతుంటుంది. ఒక జత మేజోళ్లు సంచిలో ఉంటే ఆ ఇబ్బంది లేదు. ఈ మేజోళ్ల మాట నీ ప్రకృతి వర్ణన ఒక పేరా అంత విలువైనది, దాచుకోకు.

ప్రైవేటు కారు విషయం రెండు వాక్యాల్లో తేల్చెయ్యి, కానీ ఆ రెండూ గట్టిగా ఉండాలి. డ్రైవరు వేరు, గైడు వేరు. కారు మాట్లాడుకున్నంత మాత్రాన కొండ మీద వివరించేవాళ్లు రారు. సుగంధద్రవ్యాల తోట, రత్నాల దుకాణం, చెక్కబొమ్మల దుకాణం లాంటి చోట్ల ఆపితే ఒక్కోచోట ముప్పావుగంట పోతుంది కాబట్టి, వద్దనుకునేవాళ్లు ముందురోజే మెసేజీలో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. టికెట్లు కారు ధరలో కలిశాయో లేదో కూడా అప్పుడే అడగాలి. సిగిరియాని చూసుకునేది కేంద్ర సాంస్కృతిక నిధి, దంబుల్లాని చూసుకునేది విహారం, కాబట్టి రెండు టికెట్లు. సార్క్ దేశాలవాళ్లకి సిగిరియా టికెట్టులో రాయితీ ఉంటుంది, పాస్‌పోర్టు హోటల్లో మర్చిపోతే అది దక్కదు. ధర రాస్తే పక్కనే నెల, సంవత్సరం వెయ్యి. ఉత్త 'రూపాయలు' అని రాస్తే మనవాళ్లు మన రూపాయలే అనుకుంటారు, ప్రతిచోటా 'శ్రీలంక రూపాయలు' అని రాయి.

ఇక నీ ప్రతిలో అన్నిటికంటే నన్ను ఇబ్బందిపెట్టిన విషయం. ఏది రాయి చెప్పిందో, ఏది గ్రంథం చెప్పిందో, ఏది గైడు నోట విన్నదో తేడా లేకుండా అన్నీ ఒకే గొంతుతో రాశావు. సిగిరియాని కోటగా చేసుకున్న రాజు కాశ్యపుడు తన తండ్రి ధాతుసేనుణ్ణి చంపించి రాజ్యం తీసుకోవడం, తమ్ముడు మొగ్గల్లానుడు దక్షిణ భారతానికి పారిపోవడం, తర్వాత సైన్యంతో తిరిగి రావడం, యుద్ధంలో కాశ్యపుడి ఏనుగు బురద చూసి పక్కకి తిరిగితే రాజు వెనక్కి పోతున్నాడనుకుని సైన్యం చెదిరిపోవడం, ఇదంతా చూళవంశం చెప్పే కథ. బౌద్ధ భిక్షువుల సంప్రదాయంలో రాసిన గ్రంథం, పితృహంతకుడి మీద దానికి ప్రేమ ఉండదు. 'చూళవంశం ప్రకారం' అన్న రెండు మాటలు చేర్చు, చాలు. కాశ్యపుడు క్రీ.శ. 477 నుంచి 495 దాకా ఏలాడన్నది చరిత్రకారులు వేసిన లెక్క, దాన్ని నేరుగా రాయవచ్చు.

అదే గ్రంథంలో ఇంకో ఘట్టం ఉంది, నువ్వు వదిలేశావు. నిధులు ఎక్కడ దాచావో చూపించమని ధాతుసేనుణ్ణి బలవంతపెడితే, తాను తవ్వించిన కలా వెవ దగ్గరికి తీసుకెళ్లి, దోసిట్లో ఆ నీళ్లు తీసుకుని, నా సంపదంతా ఇదే అన్నాడట. 'వెవ' అంటే చెరువు. ఆ చెరువు ఇప్పటికీ ఉంది. చెరువు విలువ తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ ఒక్క ఘట్టం చాలు, నువ్వు రాసిన 'క్రూరమైన అధికార దాహం' అక్కర్లేదు.

రావణుడి సంగతి. సిగిరియా రావణుడి కోట అనీ, పైన పుష్పక విమానం దిగేదనీ రాసేశావు. అలా నమ్మేవాళ్లు ఉన్నారు, గైడ్లు మనల్ని చూస్తే ఆ మాట ఇంకాస్త గట్టిగా చెప్తారు. పురావస్తు తవ్వకాల్లో దానికి ఆధారం లేదు. విన్నదల్లా రాసెయ్యడం ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు ఉంటుంది. 'ఇలా చెప్పుకుంటారు' అని ఒక్క వాక్యం రాసి ముందుకి పో, వాదన పెట్టుకోకు.

మాటల దగ్గర కూడా జాగ్రత్త. 'రాతి కోట' అనగానే మన పాఠకుడు రాళ్లు పేర్చిన బురుజుల్ని ఊహించుకుంటాడు. ఇక్కడ కొండే కోట. కింద కందకాలు, ప్రాకారాలు, నీటి తోటలు, పైన ఇటుక కట్టడాల పునాదులు, ఒక పెద్ద కోనేరు. నేల నుంచి కొండ ఎత్తు సుమారు 180 మీటర్లు. ఇంకోచోట మూడువందల పైచిలుకు అని కనిపిస్తే అది సముద్రమట్టం నుంచి లెక్క, ఒకదాని బదులు ఇంకోటి రాసి నువ్వు కొండని రెట్టింపు చేశావు. మెట్లు దాదాపు 1200 అంటారు. ఎన్నో లెక్కపెట్టడం కంటే ఎక్కడ ఊపిరి తీసుకోవచ్చో చెప్పు: కుడ్యచిత్రాలకి పోయే ఇనుప మరమెట్ల ముందు, మళ్లీ సింహం పాదాల దగ్గర విశాలమైన చదును మీద. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అక్కడే ఆగిపోయినా సిగిరియాలో ముఖ్యమైనవి చాలామటుకు చూసినట్టే.

ఆ చదును ఉత్తరం వైపు ఉంది. ఇటుకతో కట్టి పైన పూత పూసిన సింహంలో ఇప్పుడు మిగిలింది ముందరి పాదాలే. 1898లో బ్రిటిష్ పురావస్తు అధికారి హెచ్.సి.పి. బెల్ తవ్వకాల్లో అవి బయటపడ్డాయి. ఈ కొండకి సింహగిరి అన్న పేరు ఈ సింహం వల్లే వచ్చిందంటారు. పైకి చూస్తే బండ మీద తొలిచిన గాడులు కనిపిస్తాయి, పాత మెట్లకి, ఇటుకకి పట్టు కోసం చెక్కినవి. ఇప్పటి ఇనుప మెట్లు ఎక్కుతూ వాటిని చూడకపోతే పోయిన సింహం ఎంత ఉండేదో అందదు. అక్కడే తేనెటీగల హెచ్చరిక బోర్డులుంటాయి. బండకి పెద్ద తేనెపట్లు పడతాయి, అరుపులకీ కేకలకీ అవి లేస్తాయి. పాఠకుడికి ఈ విషయం సింహం కంటే ముందే చెప్పు.

కుడ్యచిత్రాల దగ్గర ఫొటో తియ్యనివ్వరు. రచయితకి ఇది మేలే. పుస్తకం తెరిచి రాసుకో: బొమ్మలన్నీ స్త్రీలవే, నడుము కింద మబ్బులు, చేతుల్లో పూలు, పళ్లేలు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. ఇప్పుడు కనిపించేవి సుమారు ఇరవై. వీళ్లెవరన్నది తేలలేదు. బెల్ అంతఃపుర స్త్రీలు ఎదుటి పిదురంగల విహారానికి పోతున్నారన్నాడు, కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి అప్సరసలన్నాడు, శ్రీలంక పురావస్తు శాస్త్రజ్ఞుడు సేనరత్ పరణవితాన మేఘకన్యలు, మెరుపుకన్యలు అన్నాడు. నువ్వు 'కాశ్యపుడి 500 మంది భార్యలు' అని తేల్చేశావు. మూడు అభిప్రాయాలూ చెప్పి వదిలెయ్యి. అజంతాతో పోల్చడం అందరూ చేసే పనే, నువ్వు కూడా చేస్తే ఒక తేడా అయినా చూపించు.

ఆ పక్కనున్న గోడని 'అద్దాల గోడ' అన్నావు. అలా అంటే అద్దాలు తాపడం చేశారనుకుంటారు. 'అద్దపు గోడ' అను, సింహళంలో కెటపత్ పవుర. ఇటుక గోడకి సున్నపు పూత వేసి అద్దంలా మెరుగుపెట్టారు. ఇప్పుడు అంత మెరుపు లేదు, తేనె రంగుకి తిరిగింది. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే కావాలి, నువ్వేమో ఒక్క వాక్యంతో దాటేశావు. కాశ్యపుడు పోయాక వందల ఏళ్లపాటు ఈ కొండ చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ పూత మీద సన్నటి మొనతో పద్యాలు గీశారు. ఎక్కువ భాగం పైనున్న ఆ స్త్రీల గురించే. కొందరు తమ పేరు, ఊరు, వృత్తి కూడా రాశారు. రాసినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. పరణవితాన వాటిలో 685 పద్యాల్ని చదివి 1956లో ప్రచురించాడు. పాత సింహళ కవిత్వానికి అంతటి ఆధారం ఇంకొకటి లేదు. యాత్ర గురించి రాసే పనిలో వాళ్లు నీకంటే వెయ్యేళ్లు ముందున్నారు, పైగా నాలుగు పాదాల్లో ముగించారు. ఆ గీతలు ఎదురుగా నిలబడితే కనిపించవు. వెలుతురు పక్కవాటుగా పడేలా గోడ వెంబడి చూపు సారిస్తే తేలతాయి. ఎక్కడ నిలబడాలో, ఎటు చూడాలో రాయి. గోడని తాకకూడదని, ఇప్పుడు ఎవరైనా గీస్తే అది నేరమని కూడా.

దిగేటప్పుడు బండల తోట మీదుగా వస్తారు. అలసిపోయి అందరూ కారు వైపు పరిగెత్తే చోటు ఇది. ఇక్కడి గుహల పైఅంచున బండ మీద అడ్డంగా ఒక సన్నటి గాడి చూడు. దాన్ని కటారం అంటారు. వాన నీరు బండని అంటిపెట్టుకునే జారుతుంది, వంపు తిరిగి గుహలోకి కారుతుంది. ఆ గాడి అంచు దగ్గర ధార తెగి బయటికి రాలిపోతుంది, లోపలున్న భిక్షువు తడవడు. కొన్నిచోట్ల గాడి కింద గుహని సంఘానికి దానమిచ్చిన బ్రాహ్మీ శాసనం ఉంటుంది. అంటే కాశ్యపుడికి కొన్ని వందల ఏళ్ల ముందే ఇక్కడ భిక్షువులున్నారు, అతని తర్వాతా ఉన్నారు. 'రాజు కట్టిన కోట' అన్న నీ శీర్షిక ఈ గాడి దగ్గర బలహీనపడుతుంది. అరగంట తర్వాత దంబుల్లాలోనూ గుహ పైన ఇదే కటారం కనిపిస్తుంది. రెండు చోట్లనీ కలిపే దారం కోసం 'ఆధ్యాత్మికత' దాకా పోయావు, అది బండ మీదే చెక్కి ఉంది.

దంబుల్లాలో కింద కనిపించే పెద్ద బంగారు బుద్ధుడు ఈ కాలపు కట్టడం. ప్రాచీనం అని రాయకు. టికెట్ కౌంటరు ఎక్కడుందో కిందే కనుక్కోమని చెప్పు, మెట్లన్నీ ఎక్కాక గుమ్మం దగ్గర వెనక్కి పంపితే మళ్లీ ఎక్కే ఓపిక ఉండదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు కావాలి, టోపీ తీసెయ్యాలి, బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగకూడదు. శ్రీలంకలో అది నిజంగా గొడవ తెచ్చే పని.

గుహలు అయిదు. చాలామంది ఒకటో గుహ నుంచి మొదలుపెడతారు. రెండోది, మహారాజ లెన ('లెన' అంటే గుహ), అన్నిటికంటే పెద్దది, సుమారు 52 మీటర్ల పొడవు. అది ముందే చూసేస్తే మిగతావి వెలవెలబోతాయి. అయిదు నుంచి ఒకటికి నడిపించు. ఒకటో గుహలో 14 మీటర్ల శయన బుద్ధుడు, అదే బండలోంచి చెక్కిన విగ్రహం, దాంతో ముగుస్తుంది. ఎండలోంచి లోపలికి అడుగుపెట్టగానే ఏమీ కనిపించదు, మూడు నాలుగు నిమిషాలు కదలకుండా ఉంటే కప్పు మీది బొమ్మలు ఒక్కొక్కటే తేలుతాయి. రెండో గుహలో కప్పు నుంచి నీటి బొట్లు ఒక పాత్రలో పడుతుంటాయి, ఆ చప్పుడు కోసం ఆగమని చెప్పు.

'రెండు వేల ఏళ్ల నాటి చిత్రాలు' అన్న నీ మాట తప్పు. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దంలో వలగంబ రాజు ఇక్కడ తలదాచుకున్నాడనీ, రాజ్యం తిరిగొచ్చాక గుహల్ని విహారం చేశాడనీ అంటారు. పన్నెండో శతాబ్దంలో నిశ్శంకమల్లుడనే రాజు విగ్రహాలకి బంగారు పూత వేయించాడు. ఇప్పుడు మనం చూసే చిత్రాలు చాలామటుకు క్యాండీ రాజుల కాలంలో, 18వ శతాబ్దంలో వేసినవి. ముందున్న తెల్లటి వరండా 1938 నాటిది. ఒకే గోడలో ఇన్ని కాలాలున్నాయంటే అది తక్కువేమీ కాదు, ఉన్నది ఉన్నట్టు రాయి. విగ్రహాల సంఖ్య యునెస్కో 157 అంటుంది, బుద్ధ విగ్రహాలే 153 అని ఇంకో లెక్క. ఏదో ఒకటి తీసుకుని ఎవరి లెక్కో చెప్పు, లేదా సంఖ్యే వదిలెయ్యి. చిత్రాల విస్తీర్ణం 2,100 చదరపు మీటర్లు అన్నది మాత్రం ఉంచు, ఎందుకంటే కప్పు ఎగుడుదిగుళ్ల మీద గుడ్డ కప్పినట్టు ఆ రంగులు ఎలా పాకాయో చెప్పడానికి అది పనికొస్తుంది.

సిగిరియా ఎదుటి పిదురంగల కొండని కూడా అదే రోజులో ఇరికించావు. తీసెయ్యి. చివర్లో బండల మధ్య చేతులు ఆన్చి పాకాలి, సిగిరియా ఎక్కిన కాళ్లతో ఆ పని పెట్టకూడదు. రెండో రోజు ఉన్నవాళ్ల కోసం ఒక వాక్యం చాలు.

రెండో ప్రతి పంపేటప్పుడు పక్కన ఒక కాగితం మీద గంటలు కూడా రాసి పంపు: ఎన్నింటికి కౌంటరు దగ్గర, ఎన్నింటికి సింహం పాదాల దగ్గర, ఎన్నింటికి మేజోళ్లు తొడుక్కున్నావు.

ఉంటాను,
మీ అన్నయ్య