‘స్టాండింగ్’ను తెలుగులో ఏమనాలి?

సందేహం: మా ఊరి తెలుగు సంఘం పత్రికకు ఇక్కడి కోర్టు వార్తలు తెలుగులో రాస్తుంటాను. కర్బన ఉద్గారాల ‘సామాజిక వ్యయం’పై బైడెన్ ప్రభుత్వ విధానాన్ని సవాలు చేసేందుకు రాష్ట్రాలకు ‘స్టాండింగ్’ లేదని కోర్టు చెప్పిన వార్తలో ‘రాష్ట్రాలకు హక్కు లేదు’ అని రాశాను. ఒక మిత్రుడు ‘స్థాయి లేదు’ అనాలన్నారు. మరొకరు ‘విచారణార్హత లేదు’ అని దిద్దారు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, సెయింట్ లూయిస్

సమాధానం: మూడింటిలో ఏదీ సరిపోదమ్మా. ‘స్థాయి’ని ముందే పక్కన పెట్టండి. ‘నీ స్థాయి ఎంత?’ అంటే తెలుగులో హోదానో తాహతునో ఎత్తిచూపడం. ఆ కేసు వేసిన మిస్సోరి రాష్ట్రానికి స్థాయి లేదని రాస్తే దాన్ని తక్కువ చేసినట్టవుతుంది.

‘హక్కు’ అంత దూరపు మాట కాదు గాని, అర్థాన్ని చెడగొడుతుంది. ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ నిర్ణయాలపై కోర్టుకెక్కే హక్కు అమెరికాలో రాష్ట్రాలకు ఉంది. మసాచుసెట్స్ అలాగే వెళ్లి 2007లో సుప్రీంకోర్టులో గెలిచింది. సముద్రం పొంగి తన తీరపు నేల కోతకు గురవుతోందని ఆ రాష్ట్రం చూపగలిగింది. మిస్సోరి తదితర రాష్ట్రాలు 2021లో వేసిన దావాలో అటువంటి నష్టాన్ని చూపలేకపోయాయి. బైడెన్ ప్రభుత్వం ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వల్ల కలిగే నష్టాన్ని 51 డాలర్లుగా తాత్కాలికంగా లెక్కకట్టింది. మీరు ‘సామాజిక వ్యయం’ అన్నది దీన్నే. ఆ లెక్క చూసి రేపు ఏదో ఒక శాఖ కఠినమైన నిబంధన తెస్తుందని, అప్పుడు తమ ప్రజలపై భారం పడుతుందని రాష్ట్రాలు వాదించాయి. ఆ నిబంధన వచ్చాక రండి, కేవలం అంకె వల్ల మీకు ఇప్పటికి పోయిందేమీ లేదు అన్నది 2022 అక్టోబరులో ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు సారం. లూసియానా తదితర రాష్ట్రాల కేసు కూడా అప్పీలులో ఇదే కారణంతో వీగిపోయింది.

ఊరి రచ్చబండ దగ్గర పెద్దమనుషులు మొట్టమొదట అడిగేదీ ఇదే కదా: ‘ఇందులో నీకు పోయిందేమిటి?’ స్టాండింగ్ అంటే ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలగడం. నష్టం నిజంగా జరిగి ఉండాలి లేదా దాని ముప్పు ముంచుకొస్తూ ఉండాలి. అది ఎదుటివారి చర్య వల్లే కలగాలి, కోర్టు తీర్పుతో తీరేదై ఉండాలి. కాబట్టి ఇక్కడ కావలసిన మాట ‘అర్హత’. ‘దావా వేసే అర్హత’ అని రాయండి.

ఇక మీ రెండో మిత్రుడి మాట. ‘విచారణార్హత’ మన హైకోర్టు వార్తల్లో రోజూ కనిపించే మంచి మాట. కాని ‘అర్హం’తో కూడిన సమాసాల తీరు చూడండి. శిక్షార్హం అంటే శిక్షించదగిన నేరం, ప్రశంసార్హం అంటే మెచ్చదగిన పని. అలాగే విచారణార్హం అంటే విచారించదగిన కేసు. ఆ అర్హత పిటిషనుకు చెందుతుంది, వేసినవారికి కాదు. ‘వ్యాజ్యార్హత’ అని కొత్త సమాసం కట్టినా ఇదే చిక్కు వస్తుంది. రెండు మాటలైనా ‘దావా వేసే అర్హత’లో ఎవరి అర్హతో తేటతెల్లంగా ఉంటుంది. ఇదే అర్థంలో న్యాయవాదులు వాడే లాటిన్ మాట ‘లోకస్ స్టాండి’ని పాఠకులపై రుద్దనక్కరలేదు. భారతదేశంలో ప్రజాప్రయోజన వ్యాజ్యాల పుణ్యమా అని బాధితుల తరఫున ఇతరులూ కోర్టుకు వెళ్లవచ్చు. అందువల్లే మన పాఠకులకు అమెరికా కోర్టు పట్టింపు వింతగా తోస్తుంది. ఒక వాక్యంలో ఆ తేడా చెప్పండి.

నాకు ఎంతో ఇష్టమైన మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. ‘తగు’ ధాతువు నుంచి మనకు ‘తగవు’ వచ్చింది. పాత తెలుగులో తగవంటే న్యాయం. న్యాయం చెప్పేవాడు తగవరి. కాలక్రమంలో తగవు జగడంగా స్థిరపడింది గాని, తగినవాడా కాడా అన్న ప్రశ్న ఆ మాట పుట్టుకలోనే ఉంది.

మీరు అడగకపోయినా ‘సామాజిక వ్యయం’ గురించి చెప్పకుండా ఉండలేను. వ్యయమంటే ఎవరో ఖర్చుపెట్టిన డబ్బు. ఆ మాట చదివినవారు ప్రభుత్వం సమాజం కోసం చేసే ఖర్చు అనుకుంటారు. ఇక్కడ జరిగేది పంట తగ్గడం, ఎండదెబ్బకు ప్రాణాలు పోవడం, ఇళ్లు మునగడం. వీటిని తెలుగులో నష్టమే అంటాం.

మీ వార్తకు శీర్షిక ‘రాష్ట్రాల ఓటమి’ అని పెట్టినట్టయితే అదీ మార్చండి. ఆ 51 డాలర్ల లెక్క తప్పో ఒప్పో కోర్టు తేల్చలేదు. వాక్యం ఇలా ఉండవచ్చు: ‘కర్బన ఉద్గారాల వల్ల సమాజానికి కలిగే నష్టాన్ని ఫెడరల్ ప్రభుత్వం లెక్కకట్టిన తీరుపై దావా వేసే అర్హత రాష్ట్రాలకు ప్రస్తుతం లేదంటూ కోర్టు కేసును కొట్టివేసింది.’ అందులోని ‘ప్రస్తుతం’ను మాత్రం చోటు చాలలేదని తీసేయకండి.