ఆఫీసుకీ ఇంటికీ నడుమ ఒక అరగంట: ఒత్తిడి విషయంలో నా అనుభవం

ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువుల నడుమ రోజూ పేరుకుపోయే ఒత్తిడిని మందుల జోలికి పోకుండా తగ్గించుకునే దారులేమిటని మీరు అడిగారు. నేను రాజమహేంద్రవరంలో ఒక బ్యాంకు శాఖలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం క్యాష్ కౌంటర్లోనే గడిచింది. వైద్యురాలిని కాను కనుక, నా శరీరంలో నేను గమనించినదీ దాని వెనుక కారణంగా తెలుసుకున్నదీ మాత్రమే రాస్తున్నాను.

నాకు ఒత్తిడి ఉందన్న సంగతి మొదట బయటపెట్టినవారు దంతవైద్యులు. దవడ నొప్పి అని వెళితే, పళ్ల అంచులు అరిగి చదునైపోయాయని అద్దంలో చూపించి, నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉందా అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఆ వారమంతా జాగ్రత్తగా గమనించుకుంటే, రాత్రి సంగతి అలా ఉంచి, సాయంత్రం క్యాష్ టాలీ చేసే వేళకే నా దవడలు బిగుసుకుంటున్నాయనీ, భుజాలు పైకి లేచి ఊపిరి గొంతు దగ్గరే ఆడుతోందనీ అర్థమైంది. లెక్కలో ఐదువందలు తగ్గితే ఆ సొమ్ము కౌంటర్లో కూర్చున్నవాళ్లే కట్టుకోవాలి. స్లిప్పులన్నీ మళ్లీ తిరగేసి, కట్టలన్నీ మళ్లీ లెక్కపెట్టి, చివరికి తేడా దొరికినా సరే, ఆ బిగువు మాత్రం వంటగది దాకా నాతో వచ్చేది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడం నాకు ఎంతో మేలు చేసింది. ఆపద ఎదురైనప్పుడు పరుగెత్తడానికో ఎదిరించడానికో వీలుగా, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. పులి ఎదురుపడినా, ఐదువందలు తగ్గినా శరీరానికి తెలిసిన దారి అదొక్కటే. అయితే పరుగెత్తడానికి సిద్ధమైన ఆ శరీరాన్ని మనం కుర్చీలో కదలనివ్వకుండా కూర్చోబెట్టి, వెంటనే మరో పనిలోకి తోస్తాం. అందుకే మనసుకు ఎంత నచ్చజెప్పుకున్నా దక్కని ఊరట, శరీరాన్ని కాసేపు కదిలించి, ఒక పనికీ ఇంకో పనికీ నడుమ కాస్త ఖాళీ ఉంచినప్పుడు దక్కుతుందని నా నమ్మకం.

నేను చేసిన పెద్ద మార్పు ఒక్కటే. బ్యాంకు నుంచి నేరుగా ఇంటికి వెళ్లకుండా, గోదావరి గట్టున పుష్కర ఘాట్ నుంచి కోటిలింగాల ఘాట్ వైపు అరగంట నడిచి, ఆ తరువాతే ఇల్లు చేరతాను. ఫోను సంచిలోనే ఉంటుంది. మొదటి వారం రోజులు ఆ అరగంట దండగ అనిపించింది, ఇంటి పని వెనకబడుతోందన్న బెంగతో మధ్యలోనే తిరిగి వచ్చిన రోజులూ ఉన్నాయి. రెండో వారానికి, 1997లో రైళ్లు ఆగిపోయిన హేవ్‌లాక్ వంతెన స్తంభాల కింద నీళ్లు సుడులు తిరగడం చూస్తూ నిలబడగలిగాను; అంతకుముందు ఎన్నేళ్లు ఆ దారిన వెళ్లినా నీటిని అలా చూసిన జ్ఞాపకం లేదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఐదు రోజులు అరగంట చొప్పున నడిస్తే సరిగ్గా అంతే అవుతుంది. వరద రోజుల్లో గట్టు మీదికి వెళ్లలేను కనుక మేడ మీదే నడుస్తాను.

కౌంటర్ దగ్గర ఉండగా ఊపిరే సాయం. మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదులుతాను. అంకెకు ఒక సెకను చొప్పున వేసుకుంటే నిమిషానికి ఆరు శ్వాసలు వస్తాయి. గాలి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండె దాకా వెళ్లే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె కొట్టుకోవడం కాస్త నెమ్మదిస్తుంది. వదిలే సమయం ఎక్కువ ఉండాలనడానికి కారణం అదే. ఎదుట ఖాతాదారు స్లిప్పు నింపేలోపు ఇలా మూడు శ్వాసలు తీసుకోవచ్చు, ఎవరికీ తెలియదు కూడా.

సాయంత్రం ఐదింటి కాఫీ మానేశాను. కాఫీలోని కెఫీన్‌లో సగం దాదాపు ఐదు గంటల తరువాత కూడా ఒంట్లోనే ఉంటుంది కనుక, పది గంటలకు పడుకోవాలనుకునేవారికి ఆ కప్పు మంచిది కాదు.

రాత్రి భోజనాలయ్యాక మా అత్తగారి పక్కన కూర్చుని మర్నాటికి పూలు కడతాను. రెండు మొగ్గలు అటు, రెండు ఇటు, దారం ఒక చుట్టు, ఒక ముడి. చేతులు రెండూ ఆ పనిలో ఉండగా ఫోను పట్టుకోలేము, లెక్కలు గుర్తుకొచ్చినా వరుస తప్పుతుంది. మాటలు వాటంతటవే వస్తాయి, రాకపోయినా ఫరవాలేదు. మీ ఇంట పూలు కట్టే అలవాటు లేకపోతే గోంగూర ఒలిచినా, బియ్యం ఏరినా అంతే.

ఒక హెచ్చరిక. సహజమైనది కదా అని ఎవరో చెబితే అశ్వగంధ పొడి వాడటం మొదలుపెట్టాను. నేను థైరాయిడ్ మాత్రలు వేసుకుంటాను. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చని, అడగకుండా వాడవద్దని మా డాక్టరుగారు గట్టిగా చెప్పాక ఆపేశాను. మూలికలైనా సరే, మీ వైద్యులకు చెప్పకుండా తీసుకోకండి. గుండెదడ, నిస్సత్తువ ఎక్కువగా ఉంటే అది ఒత్తిడేనని మీరే తేల్చుకోకుండా థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు ముందుగా చేయించుకోండి.

నా దవడ నొప్పి రెండు నెలలకు తగ్గింది, పళ్లకు తొడుగు మాత్రం ఇప్పటికీ రాత్రిళ్లు పెట్టుకుంటాను. కానీ మీకు వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతుకు మీద విరక్తి కలుగుతున్నా ఈ నడకలూ పూలూ చాలవు. మానసిక ఆరోగ్య సాయం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఫోను సేవ 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా అందుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆలస్యం చేయకుండా ఫోను చేయండి.