18 వేల జీతంలో ఇల్లు నడిచేదెలా? మా ఇంటి లెక్క చెబుతాను

మీకు చేతికి 18 వేలు వస్తోంది, ఒక బాబు, నెలాఖరుకు పైసా మిగలట్లేదు, బడ్జెట్ ఎలా వేసుకోవాలి, సాయంత్రాలు ఏదైనా పని దొరుకుతుందా అని అడిగారు. నాకు మీకంటే పదిహేను వందలు ఎక్కువ, అంతే. గుంటూరులో ఒక మందుల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తాను. ఇంట్లో నేను, మా ఆవిడ, మూడో తరగతి చదివే పాప.

జీతంలో సగం అవసరాలకు, ముప్పై శాతం సరదాలకు, ఇరవై శాతం పొదుపుకు అని యూట్యూబ్‌లో చెబుతుంటారు కదా, నేనూ రెండు నెలలు ప్రయత్నించాను. మనకది అతకదు. అద్దెకీ సరుకులకే సగం దాటిపోతుంది.

మా నెల ఖర్చు ఇదీ. కొరిటెపాడు వైపు రెండు గదుల పోర్షన్‌కి అద్దె 5,500, కరెంటు సగటున 700, గ్యాస్ నెలకు 600 పడుతుంది, సరుకులు 4,500, పాలు 1,500, కూరలు 1,800, పెట్రోలు 1,500, రెండు ఫోన్లకు 600, ఊళ్ళో అమ్మానాన్నలకు 1,500. మొత్తం 18,200. అంటే 1,300 మిగలాలి. కాగితం మీద ఎప్పుడూ మిగిలేది. మరి ఏటా జూన్ వచ్చేసరికి రెండు రూపాయల వడ్డీకి 20 వేలు ఎందుకు తెచ్చేవాణ్ని? నెలకు 400 వడ్డీ కట్టుకుంటూ పోవడమే, అసలు అలాగే ఉండేది.

ఒక ఆదివారం మా ఆవిడ పాప పాత నోట్‌బుక్ నా ముందు పెట్టి, "నెలది కాదండీ, ఏడాదిది రాయండి" అంది. రాశాం. స్కూలు ఫీజు 18 వేలు, పుస్తకాలూ యూనిఫాం 4,500, సంక్రాంతికి ఊరెళ్ళి రావడానికి 5 వేలు, దసరాకి, పుట్టినరోజుకి బట్టలు 4 వేలు, బండి ఇన్సూరెన్సు, సర్వీసింగ్ 3,500. చదివింపుల దగ్గర ఇద్దరం వాదులాడుకున్నాం. మా చెల్లెలి పెళ్ళిలో ఎవరెంత చదివించారో రాసిన లిస్టు ఇంకా బీరువాలోనే ఉంది, తిరిగి పెట్టకపోతే మాట పడాలి. చివరికి లిస్టులో ఉన్నవాళ్ళకే, వాళ్ళు పెట్టినంతే అని తేల్చుకుని 6 వేలు రాశాం. అంతా కలిపితే 41 వేలు! పన్నెండుతో భాగిస్తే నెలకు 3,400 పైమాటే. మిగిలేదేమో 1,300. నెలకు 2,100 తక్కువ పడుతోందన్నమాట, ఆ తక్కువంతా జూన్‌లో ఒక్కసారిగా బయటపడేది.

అంకె తెలిశాక టెన్షన్ సగం తగ్గింది. అంతకు ముందు ఎంతో కొంత సంపాదించాలని గాభరాపడి, ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ అన్న ప్రకటన నమ్మి రిజిస్ట్రేషన్‌కని 2,500 కట్టాను. మర్నాటి నుంచి ఆ నంబరు పనిచేయలేదు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని అప్పుడు తెలియదు. ముందు డబ్బు కట్టమన్నారంటే అక్కడే ఆగిపోండి.

తర్వాత నాకు వచ్చిన పనే పట్టుకున్నాను. మా వీధి కిరాణా షాపాయన బిల్లులన్నీ అట్టపెట్టెలో పడేసి, జీఎస్టీ రిటర్నుల గడువు దగ్గరపడగానే కంగారుపడేవాడు. ఆ బిల్లులు టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి ఆడిటర్‌కి పంపడానికి నెలకు 1,200 ఇస్తానన్నాడు. రెండో షాపు దొరకడానికి మూడు నెలలు పట్టింది. నెలనెలా వేసే రిటర్నుల్లో అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1కి 11వ తేదీ, పన్ను లెక్క చూపే 3బీకి 20వ తేదీ గడువు కాబట్టి నెల మొదటి రెండు వారాలూ రాత్రి పదకొండు దాకా అదే పని. మా ఓనరుకి ముందే చెప్పేశాను, తర్వాత ఎవరో చెప్పగా వినడం బాగుండదు.

మా ఆవిడ చీరలకు ఫాల్ కుడుతుంది. ఫాల్, పీకో కలిపి 80 తీసుకుంటుంది. అందులో ఫాల్ గుడ్డకి 20, పీకో బయట వేయిస్తుంది కాబట్టి దానికో 20 పోతే చీరకి 40 మిగులుతుంది. చేత్తో కుట్టాలి, గంట పడుతుంది. గంటకి నలభై అంటే తక్కువే, కాదనను. మామూలు నెలలో పాతిక చీరలు వస్తాయి, శ్రావణంలో యాభై దాటతాయి, ఆషాఢంలో చేతిలో పనే ఉండదు.

ఈ పై డబ్బు మా ఆవిడ పేరున ఉన్న వేరే ఖాతాలో పడుతుంది. జీతంలో మిగిలే 1,300 కూడా ఒకటో తారీఖునే అందులో వేస్తాం. దానికి ఏటీఎం కార్డు తీసుకోలేదు, ఫోన్‌పేకి కలపలేదు. డబ్బు కావాలంటే బ్యాంకుకెళ్ళి ఫారం రాయాలి, ఆ బద్ధకమే మమ్మల్ని కాపాడుతోంది. పై డబ్బులో ఆ 2,100 లోటు పోగా మిగిలింది పాత అప్పుకి.

ఇంకోటి, మీ పే స్లిప్పులో ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కింద 0.75 శాతం కోస్తున్నారేమో చూడండి. మొత్తం జీతం 21 వేల లోపు వాళ్ళకి అది వర్తిస్తుంది, ఇంట్లోవాళ్ళకీ వైద్యం ఉంటుంది. కార్డు తెచ్చుకోవడానికి బద్ధకించి, పాప జ్వరానికి బయట 3 వేలు పెట్టాను నేను. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా బ్యాంకులోనే ఇస్తారు, ఒక్కోదానికి 2 లక్షలు. మే నెలాఖరులో ఆ డబ్బు కట్ అవుతుంది కాబట్టి ఖాతా ఖాళీగా ఉంచకండి.

ఈ జూన్‌లో మొదటి టర్మ్ ఫీజు, పుస్తకాలు అయ్యాక ఆ ఖాతాలో 1,140 మిగిలాయి. పాత అప్పు ఇంకా 8 వేలుంది. ఫీజు మూడు టర్ములుగా కట్టొచ్చని కూడా మేము అడిగితేనే చెప్పారు. మీ బాబు స్కూల్లో అడిగారా?