లైబ్రరీ లింకు ఇస్తే సరిపోదు, అమ్మలూ

అమ్మలూ,

నీ ఆన్‌లైన్ ఎంఏ ఎకనామిక్స్ పేపరు మొదలవడానికి ఇంకా ఆరు వారాలుందన్నావు. వీడియోలు సగం రికార్డు చేశావు, స్లైడ్లు అయిపోయాయి, బాగుంది. కానీ "చదవాల్సినవాటికి యూనివర్సిటీ లైబ్రరీ లింకు ఇచ్చేస్తానత్తా, అందులో అన్నీ ఉన్నాయి కదా" అన్నావు చూడు, ఫోన్ పెట్టేశాక నాకు ఆ మాటే తిరుగుతోంది. 31 ఏళ్లు లైబ్రరీలో పనిచేసినదాన్ని, అన్నీ ఉన్నాయన్నది నిజమే. అవి నీ పిల్లలకి అందుతాయా అన్నదే అసలు ప్రశ్న. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

2020 లాక్‌డౌన్‌లో మా దగ్గర ఒక మాస్టారు, చాలా మంచి టీచరు, పన్నెండు వ్యాసాల జాబితా తయారుచేసి లింకులతో సహా పిల్లలకి పంపారు. ఆయన ఉండేది క్యాంపస్ క్వార్టర్స్‌లో. ఆయన కంప్యూటర్‌లో ఏ లింకు నొక్కినా వ్యాసం ఠక్కున తెరుచుకునేది. మూడో వారంలో ఒక అమ్మాయి లైబ్రరీకి మెయిల్ రాసింది: "మేడమ్, ఈ వ్యాసం 39 డాలర్లు అడుగుతోంది, తప్పనిసరిగా కట్టాలా? మా నాన్నగారికి చెప్పాలి." ఆ మెయిల్ చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మేం లక్షలు పోసి కొన్న జర్నలే అది. ఆ అమ్మాయి హక్కుగా చదవాల్సిన వ్యాసం. అయినా వాళ్ల నాన్న జేబు గురించి ఆలోచించాల్సి వచ్చింది. జాబితా అందుకున్న మిగతా పిల్లలు అడగను కూడా అడగలేదు, చదవడం మానేశారంతే.

కారణం చాలా చిన్నది. క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడు ప్రచురణకర్తల సైటు మన ఐపీ అడ్రస్ (ఏ నెట్‌వర్క్ నుంచి వచ్చామో చెప్పే నంబరు) చూసి, వీళ్లు చందాదారులే అని గుర్తుపట్టి తలుపు తీస్తుంది. లాగిన్ కూడా అడగదు. అందుకే క్యాంపస్‌లో కూర్చున్న టీచరుకి ఆ తలుపు ఒకటుందనే తెలియదు. ఇంట్లోంచి, జియో డేటా మీద, ఫోన్‌లో నొక్కిన పిల్లకి తలుపు మూసే ఉంటుంది. కాబట్టి నువ్వు మొదట చేయాల్సిన పని ఒకటి చెప్తాను. కోర్సు తెరిచేముందు వైఫై ఆపేసి, నీ ఖాతాలన్నిట్లోంచీ బయటికి వచ్చి, ఒక విద్యార్థి లాగిన్‌తో, ఫోన్ మీద, ప్రతి లింకూ నువ్వే నొక్కి చూడు. విద్యార్థి లాగిన్ ఎక్కడిదంటావా, లైబ్రరీలో అడుగు, లింకులు పరీక్షించి చూసుకోవడానికి ఒకటి ఇస్తారు. ఒక సాయంత్రం పడుతుంది. అయినా చెయ్యి.

ఇక లాగిన్ల సంగతి. దీనిమీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అన్నీ ఆగిపోయేది ఇక్కడే. ఆన్‌లైన్ కోర్సులో చేరిన పిల్లల పేర్లు అడ్మిషన్ సెక్షన్‌లో ఉంటాయి, దూరవిద్యా విభాగంలో ఉంటాయి, పరీక్షల విభాగంలో కూడా ఉంటాయి. లైబ్రరీకి మాత్రం చేరవు. రెగ్యులర్ పిల్లలైతే కార్డు కోసం కౌంటర్ దగ్గరికి వస్తారు కాబట్టి వాళ్ల పేర్లు ఎక్కుతాయి. నీ పిల్లలు ఒకరు నారాయణపేట దగ్గర, ఒకరు పాడేరులో, ఇంకొకరు బెంగళూరులో నైట్ షిఫ్టు చేస్తూ ఉంటారు, వాళ్లు కౌంటర్ దగ్గరికి ఎప్పుడొస్తారు? కాబట్టి చేరినవాళ్ల పేర్లు, యూనివర్సిటీ మెయిల్ ఐడీలు ఉన్న జాబితా నువ్వే దగ్గరుండి లైబ్రరీకి పంపించు. ఎవరో పంపిస్తారులే అనుకోకు, ఎవరూ పంపరు. దేశంలోని యూనివర్సిటీ లైబ్రరీలని కలిపే కేంద్రం, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లు నడిపే ఇన్‌ఫెడ్ అనే ఏర్పాటు ఉంది, అందులో మీ యూనివర్సిటీ చేరి ఉంటే ప్రచురణకర్త సైటులో సంస్థ పేరు ఎంచుకుని మన ఐడీతోనే ఇంటినుంచి లోపలికి వెళ్లవచ్చు. అది పనిచేయాలంటే పిల్లల ఖాతాలు ముందే తయారై ఉండాలి. కోర్సు మొదలైన రోజు రెండొందల ఖాతాలు చేసిపెట్టమంటే ఏ లైబ్రరీలోనూ అవదు, అక్కడ ఆ పని చూసేది ఒకరో ఇద్దరో.

2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కూడా వచ్చింది, ప్రభుత్వ సంస్థలన్నిటికీ కలిపి కేంద్రమే జర్నళ్లకి చందా కట్టే పథకం. మూడేళ్లకి 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300 పైచిలుకు ప్రభుత్వ విద్యాసంస్థలు, పరిశోధన సంస్థలు. మా కాలంలో ఒక్క జర్నల్ నిలుపుకోవడానికి డిపార్ట్‌మెంట్లు కొట్టుకునేవి, ఇంత వస్తుందని కలలో కూడా అనుకోలేదు. నీది ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి ఇది మీకూ ఉంటుంది. కానీ ఒక మాట గట్టిగా అడిగి తెలుసుకో: ఆన్‌లైన్ కోర్సులో చేరినవాళ్లని కూడా అర్హులైన వాడుకరులుగా నమోదు చేశారా లేదా? లైబ్రేరియన్‌నే అడుగు, ఆ వివరాలు ఆయన దగ్గరే ఉంటాయి.

లింకు ఎలా ఇవ్వాలో కూడా చెప్పాలి. బ్రౌజర్ పైన కనబడే అడ్రస్‌ని కాపీ చేసి పెట్టకు. చాలాసార్లు అది నీ ఒక్కదాని సెషన్‌కి పుట్టిన అడ్రస్, మర్నాటికి చచ్చిపోతుంది. చాలా వ్యాసాలకి డీఓఐ అని ఒక శాశ్వత నంబరు ఉంటుంది, 10తో మొదలవుతుంది, దాంతో ఉన్న లింకు ఇవ్వు. సైటు మారినా అది మారదు. బయటినుంచి చదివేవాళ్లు లాగిన్ అయ్యాకే నొక్కేట్టు, లైబ్రరీవాళ్లు చెప్పిన రిమోట్ యాక్సెస్ దారిని దాని పక్కనే రెండు వాక్యాల్లో రాసిపెట్టు, తెలుగులోనే రాయి.

"పీడీఎఫ్ దింపి వాట్సాప్ గ్రూపులో పడేస్తే పోలేదా" అంటావని తెలుసు, అందరూ అదే చేస్తున్నారు. రెండు కారణాలకి వద్దంటాను. ఒకటి, మన చందా ఒప్పందాల్లో చాలావాటికి అది విరుద్ధం. రెండోది ఎవరూ చెప్పరు, ఇది నాకు మనసుకి దగ్గరి సంగతి. పిల్లలు లింకు నొక్కి చదివినప్పుడల్లా ఆ లెక్క లైబ్రరీకి వస్తుంది. వచ్చే ఏడు ఏ జర్నల్ ఉంచాలి, ఏది తీసేయాలి అని కమిటీలో కూర్చున్నప్పుడు మా చేతిలో ఉండేది ఆ లెక్క ఒక్కటే. వాట్సాప్‌లో మూడొందల మంది చదివినా మా కాగితంలో ఒక్కటే డౌన్‌లోడ్ కనబడుతుంది, "ఎవరూ చదవడం లేదు, ఆపేయండి" అంటారు. ఇలా మంచి జర్నళ్లు పోవడం నా కళ్లతో చూశాను. ఇంకో మాట, ఒకేసారి ఒక జర్నల్ సంచికలన్నీ దింపబోకు, పిల్లల్ని కూడా దింపనివ్వకు. ప్రచురణకర్త సాఫ్ట్‌వేర్ అది పసిగట్టి మొత్తం క్యాంపస్‌కే తలుపు మూసేస్తుంది, మళ్లీ తెరిపించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

పుస్తకాల అధ్యాయాల సంగతి వేరు. కాపీరైట్ చట్టం 1957 నాటిదే అయినా 52వ సెక్షన్‌లో టీచరు పాఠం చెప్పే క్రమంలో కాపీ చేసుకోవడానికి మినహాయింపు ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ షాపు మీద పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేస్తే 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్ ఆధారంగానే పిల్లల వైపు నిలిచింది, 2017లో ఆ సంస్థలే కేసు వెనక్కి తీసుకున్నాయి. అది కాగితం మీది కోర్సు ప్యాక్‌ల కేసు. దాన్ని పట్టుకుని పుస్తకం మొత్తం స్కాన్ చేసి యూట్యూబ్ వివరణలో లింకు పెట్టెయ్యవచ్చని అనుకోకు. పాఠానికి అవసరమైన అధ్యాయం, లాగిన్ ఉన్న మీ మూడుల్ (ఆన్‌లైన్ పాఠాలు పెట్టే వేదిక) పేజీలో, ఆ పేపరు పిల్లలకి మాత్రమే. అనుమానం వస్తే లైబ్రేరియన్‌తో మాట్లాడు, రాతపూర్వకంగా అడిగితే ఇంకా మంచిది.

ఈ-బుక్కుల్లో ఇంకో చిక్కుంది. కొన్ని పుస్తకాలు ఒకేసారి ఒక్కరో ముగ్గురో చదివే లైసెన్సుతో కొంటాం. నువ్వు ఆదివారం రాత్రికి అసైన్‌మెంటు పెడితే అందరూ ఆదివారం సాయంత్రమే ఎగబడతారు, ముగ్గురికి దొరుకుతుంది, మిగతావాళ్లకి టెన్షన్. ఆ పుస్తకం ఎంతమందికో ముందే కనుక్కుని, తక్కువైతే గడువు పది రోజులు పెట్టు లేదా ఇంకో పుస్తకం చూసుకో.

ఏం చదవమనాలి అన్నదానికి వస్తే, తక్కువ ఇవ్వు తల్లీ. వారానికి రెండు, అంతకంటే వద్దు. ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకో చెప్పు, చదువుతూ దేనికోసం వెతకాలో ఒక ప్రశ్న రాయి. పగలంతా పనిచేసి వచ్చినవాడికి నలభై పేజీల ఇంగ్లీషు వ్యాసం ఫోన్ మీద చదవడం ఎంత కష్టమో ఒకసారి నువ్వే ప్రయత్నించి చూడు. డబ్బుతో పనిలేనివి కూడా చాలా ఉన్నాయి. నీ సబ్జెక్టుకి రిజర్వ్ బ్యాంకు గణాంకాలు, కేంద్రం ఆర్థిక సర్వే, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు వేసే సామాజిక ఆర్థిక సర్వేలు, ఇవన్నీ ఉచితమే. పీహెచ్‌డీ గ్రంథాలు ఉచితంగా దొరికే శోధ్‌గంగ సైటులో మన ఆంధ్రా, ఉస్మానియా, వెంకటేశ్వర యూనివర్సిటీల పరిశోధన గ్రంథాలు దొరుకుతాయి. పాలమూరు వలసల మీదనో, మన కౌలు రైతుల అప్పుల మీదనో రాసినవి పిల్లలకి ఇవ్వు, వాళ్ల ఊరి సంగతి అందులో కనబడితే ఎంత శ్రద్ధగా చదువుతారో చూస్తావు. తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాళ్లుంటే తెలుగు అకాడమీ పుస్తకాలు మీ లైబ్రరీలో ఏవున్నాయో అడుగు.

1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువలో పడవకి పుస్తకాలెక్కించి ఊరూరికీ తిప్పారు. చదివేవాడు గ్రంథాలయానికి రాలేనప్పుడు గ్రంథాలయమే వాడి రేవుకి వెళ్లింది. నీ మూడుల్ పేజీ కూడా అలాంటి రేవే అనుకో. మొదటి పేజీలో ఎక్కడో అడుగున "యూనివర్సిటీ లైబ్రరీ" అని ఒక లింకు పెడితే ఎవరూ నొక్కరు. నాలుగో వారం పాఠం కింద, ఆ పాఠానికి కావలసిన వ్యాసం ఆ నాలుగో వారం దగ్గరే ఉండాలి, పక్కన లైబ్రరీలో ఎవరిని అడగాలో పేరు, మెయిల్ ఉండాలి.

లైబ్రేరియన్ చేత ఒక క్లాసు చెప్పించు, ఇరవై అయిదు నిమిషాలు చాలు. మొదటి వారంలో వద్దు, అప్పటికి వాళ్లకి అవసరం తెలియదు. అసైన్‌మెంటు అంశం ఇచ్చిన వారంలో పెట్టించు. సాధారణంగా ఎలా వెతకాలో చెప్పడం కాకుండా, నీ అసైన్‌మెంటు అంశాన్నే తీసుకుని, రైతు రుణాలంటే ఏ మాటలతో వెతకాలి, వెయ్యి ఫలితాలొస్తే ఎలా తగ్గించుకోవాలి, తెరమీద చేసి చూపించమను, రికార్డు చేసి ఉంచు. ఇప్పుడు చాట్‌బాట్‌ని అడిగి లేని వ్యాసాల పేర్లు, లేని పేజీ నంబర్లు తెచ్చి రాసేస్తున్నారు, పిల్లల్ని తిట్టి లాభం లేదు, నిజమైన వ్యాసమో కాదో డీఓఐ కొట్టి ఎలా చూసుకోవాలో ఆ క్లాసులోనే నేర్పించు.

చూపులేని పిల్లలు నీ క్లాసులో ఉండవచ్చు, ఆన్‌లైన్‌లో నీకు తెలియకపోవచ్చు. బొమ్మలాగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌ని వాళ్ల స్క్రీన్ రీడర్ చదవలేదు. ఓసీఆర్ చేసిన, అంటే బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్ చదవగలిగేట్టు మార్చిన ఫైలే కావాలని లైబ్రరీని అడుగు. వాళ్లకి అనువైన రూపంలో కాపీ తయారుచేసి ఇవ్వడానికి 2012 సవరణ తర్వాత చట్టమే వీలిచ్చింది. ఆ ఫైలు బరువు కూడా తగ్గించి ఇమ్మను, ఒక జీబీ డేటాతో నెట్టుకొచ్చేవాళ్లందరికీ మేలు.

సోమవారం పొద్దున్నే సిలబస్ ప్రింటు తీసుకుని లైబ్రరీకి వెళ్లు. మెయిల్ పెట్టి ఊరుకోకు, మనిషిగా వెళ్లి కూర్చో. మేం టీచర్లు అలా వస్తారని ఎంత ఎదురుచూస్తామో నీకు తెలియదు, ఏళ్ల తరబడి మా దగ్గరికి సంతకాల కోసమే వచ్చేవాళ్లు. వెళ్లొచ్చాక నీ వ్యాసాల జాబితా నాకు పంపు, డీఓఐలు ఒక్కొక్కటీ నేను చూసిపెడతాను, మధ్యాహ్నాలు ఖాళీగానే ఉంటున్నాను. మీ అమ్మకి చెప్పు, దసరాకి వస్తున్నానని.

మీ అత్తయ్య