పిడుదులు పీకేశాక కుక్కకి జ్వరం వస్తే ఏం చెయ్యాలి?

పిడుదులు పీకేసిన రెండు వారాలకి కుక్క తిండి మానేసింది, ఒళ్లు కాలిపోతోంది, పక్కింటాయన డోలో వెయ్యమంటున్నారు అని అడిగారు కదా. ముందు ఆ మాత్ర పక్కన పడెయ్యండి. పారాసిటమాల్ కుక్క లివర్ని దెబ్బ తీస్తుంది, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ అయితే లోపల రక్తం కారిపోతుంది, అసలే పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) పడిపోయి ఉంటాయి. పీకేశాం కదా ఇంకేటి అనుకోవద్దు, ఎర్లీషియా (పిడుదు కుట్టినప్పుడు అంటుకునే బ్యాక్టీరియా జబ్బు) బయటపడ్డానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది.

మాది విజయనగరం, మా బంటిగాడు నాటుకుక్కే, అయినా వచ్చింది. మెట్ల కింద మూల వదిలేవాడు కాదు, కోడిగుడ్డు పెట్టినా మొహం తిప్పేసుకునేవాడు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి, పొట్ట కింద బొచ్చు లేని చోట సన్నగా ఎర్ర చుక్కలు, తర్వాత ముక్కులోంచి రక్తం. మీరూ అవే చూడండి. ఉచ్చ ముదురు ఎరుపులో వస్తే మాత్రం బెబీసియా (పిడుదుల వల్లే వచ్చే ఇంకో జబ్బు) అయ్యుండొచ్చు, రేపు చూద్దాంలే అనకండి.

డాక్టరు గారిని సీబీసీ (రక్తకణాల లెక్క), చెవి అంచు నుంచి తీసిన రక్తంతో స్మియర్ (గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూసే టెస్టు) అడగండి. ఎందుకంటే ఎర్లీషియాకి డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది గానీ ఎర్రకణాల్లో దూరే బెబీసియాకి అదొక్కటే చాలదు, దానికి వేరే ఇంజెక్షన్లు, అందులో గిబ్సోనీ రకమైతే ఆ ఇంజెక్షన్లకీ సరిగ్గా లొంగదు, అటోవక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి 10 రోజులు ఇస్తారు. రెండు జబ్బులూ కలిసి కూడా వస్తాయి. స్మియర్లో ఏమీ లేదన్నారని ఊరుకోకూడదు, మావాడికి అందులో ఏమీ కనపళ్లేదు, ప్లేట్‌లెట్లు చూసే మందు మొదలెట్టారు. మీ దగ్గర్లో టెస్టులు అవ్వకపోతే గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ అడిగి చూడండి.

డాక్సీ మామూలుగా 28 రోజులు వాడమంటారు, అన్నం పెట్టాకే వెయ్యాలి, లేకపోతే కక్కేస్తుంది. నాలుగు రోజులకే లేచి తోకాడిస్తుంది, సరిగ్గా అక్కడే చాలామంది ఆపేస్తారు!

ఇంక ఇల్లు. రక్తం తాగి ఆముదం గింజంత అయిన ఆడ పిడుదు కిందకి రాలి గోడ పగుళ్లలో వేలల్లో గుడ్లు పెడుతుంది, కుక్కకి ఎంత స్నానం చేయించినా అవి అక్కడే ఉంటాయి. ఒంటి మీదవి కిరసనాయిల్ పొయ్యకుండా ప్లకర్‌తో చర్మం దగ్గర పట్టుకుని తిన్నగా లాగండి, చెవుల్లోపల, వేళ్ల సందుల్లో వెతకండి. పిడుదుల్ని చంపే బ్రావెక్టో మాత్ర ఖరీదే గానీ 12 వారాలు కాస్తుంది, బరువు చూసి డాక్టరే రాస్తారు. మా ఇంట్లో మాత్రం మెట్ల కింద పగుళ్లకి సిమెంటు పెట్టించాకే పూర్తిగా పోయాయి.