హనుమకొండ లోక్‌సభ స్థానం చరిత్ర రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

హనుమకొండ లోక్‌సభ నియోజకవర్గం ఎన్నికల చరిత్ర రాయాలనుకుంటున్నట్టు నీవు రాసిన ఉత్తరం అందింది. పటంలో ఇప్పుడు లేని నియోజకవర్గం కోసం నీ వయసువారు ఒకరు పూనుకోవడం నాకెంతో సంతోషం కలిగించింది. ఎన్నికల అంకెలు సరిచూడటంలోనే ముప్పై ఏళ్లు గడిపినవాడిని కనుక, నీకు పనికివస్తాయనుకున్న మాటలు కొన్ని రాస్తున్నాను.

గెలిచినవారి పట్టిక వేసే ముందు హద్దులు తేల్చుకో. 1971 జనాభా లెక్కల మీద జరిగిన నియోజకవర్గాల పునర్విభజనతో ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ స్థానాలు 41 నుంచి 42 అయ్యాయి. హనుమకొండ స్థానానికి తొలి ఎన్నిక 1977లో జరిగింది. పక్కనే వరంగల్ స్థానం వేరుగా ఉండేది. జంట నగరాలు కదా అని ఈ రెండింటినీ కలిపేసి రాసేవారు చాలామంది కనిపిస్తారు. నేనూ ఒకప్పుడు ఆ తప్పు చేశాను. కమాలుద్దీన్ అహ్మద్ 1980 నుంచీ హనుమకొండ ఎంపీ అని ఒక వ్యాసంలో రాస్తే, ఆయన 1980లో గెలిచింది వరంగల్ నుంచని, హనుమకొండకు వచ్చింది 1989లోనని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు పోస్టుకార్డు రాశారు. ఆ కార్డు ఇప్పటికీ నా నోటుపుస్తకంలోనే ఉంది. పేరును హన్మకొండ అనీ, హనుమకొండ అనీ రెండు రకాలుగా రాస్తారు కనుక పాత పత్రికలు వెతికేటప్పుడు రెండూ చూడు.

నీవు ముఖ్యంగా పట్టించుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ఈ స్థానం నుంచి ఒకటికి మించి గెలిచినవారు ఎక్కువ. అదే పేరు వరుసగా రెండుసార్లు కనబడగానే అవే ఓట్లు మళ్లీ పడ్డాయనుకోకు. మంథని నుంచి ఇరవై ఏళ్లు శాసనసభ్యుడిగా ఉన్న పి.వి. నరసింహారావు ఇక్కడ 1977లోనూ 1980లోనూ గెలిచారు. మొదటిసారి ఆయన గుర్తు ఆవూ దూడ, రెండోసారి హస్తం. నడుమ 1978లో కాంగ్రెస్ పార్టీయే చీలింది. 1977లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు వచ్చాయి, నంద్యాల ఒక్కటి నీలం సంజీవరెడ్డి గెలిచారు. 1980లోనూ ఇందిరా కాంగ్రెస్‌కు 41 వచ్చాయి. అంతటి గాలి వీచినప్పుడు ఆ గెలుపులో అభ్యర్థి బలమెంతో, పార్టీ బలమెంతో విడదీసి చెప్పాలంటే ఒక్క పట్టిక చాలదు. చుట్టుపక్కల స్థానాల ఆధిక్యాలతో పోల్చి చూడాలి.

1984 దగ్గర నిదానంగా ఆగు. ఎవరిని అడిగినా ముందు ఆ ఏడాది కథే చెబుతారు. కేంద్రంలో హోంమంత్రిగా ఉన్న పీవీని భారతీయ జనతా పార్టీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి యాభై నాలుగు వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. ఇందిరాగాంధీ హత్య తరువాత దేశమంతటా కాంగ్రెస్ 400 స్థానాలు దాటిన ఆ ఎన్నికలో బీజేపీకి దక్కినవి రెండే: ఇదొకటి, గుజరాత్‌లోని మెహసానా రెండోది. ఇది వింతగా జరిగిందని రాసి ఊరుకుంటే జరిగిందేమిటో చెప్పినట్టు కాదు. ఆ ఆగస్టులో ఎన్.టి. రామారావును పదవి నుంచి తొలగించడం, ప్రతిపక్షాలన్నీ ఆయన వెనుక నిలవడం, నెల తిరిగేసరికి ఆయన మళ్లీ ముఖ్యమంత్రి కావడం చూసిన ఓటర్లు డిసెంబరులో బూత్‌కు వెళ్లారు. రాష్ట్రంలో తెలుగుదేశం 30 స్థానాలు గెలిచింది, ఇక్కడ ఆ పార్టీ మద్దతు జంగారెడ్డికి ఉంది. ఆయన కొత్తవారు కూడా కారు. 1967లో బీజేపీకి ముందున్న జనసంఘ్ తరఫున పరకాల నుంచి, తరువాత శాయంపేట నుంచి శాసనసభకు ఎన్నికైన మనిషి. ఈ మూడూ కలిపి చెబితే ఫలితం అర్థమవుతుంది. పీవీ అదే ఎన్నికలో మహారాష్ట్రలోని రామ్‌టెక్ నుంచి కూడా పోటీ చేసి గెలిచారు కనుక లోక్‌సభకు దూరం కాలేదన్న సంగతి మరచిపోవద్దు.

అంకెలు పోల్చేటప్పుడు 1989 దగ్గర మరో జాగ్రత్త కావాలి. ఓటు హక్కు వయసును ఆ ఏడాదే 21 నుంచి 18కి తగ్గించారు కాబట్టి ఓటర్ల సంఖ్య పెరగడాన్ని జనంలో ఉత్సాహం పెరిగినట్టుగా లెక్కవేయకు. ఓట్ల శాతం చెప్పినప్పుడు అది చెల్లిన ఓట్ల మీదో, పోలైన ఓట్ల మీదో, మొత్తం ఓటర్ల మీదో ప్రతిసారీ రాయి. కాగితపు బ్యాలెట్ రోజుల్లో చెల్లని ఓట్ల లెక్క చిన్నదేమీ కాదు. లెక్కింపులో కూర్చున్న ఒక పెద్దమనిషి నాకు కాగితం మడిచి చూపించారు. స్వస్తిక ముద్ర తడి ఆరకముందే మడిస్తే రెండో గుర్తు మీద కూడా అచ్చు దిగుతుంది. ఆ నీడ ముద్రలో కొసలు ఎదురువైపు తిరిగి ఉంటాయి కనుక అసలు ముద్ర ఏదో పోల్చుకుని ఓటు కాపాడేవారట. అలాంటివారు ఇంకా కొందరున్నారు, ఆలస్యం చేయకుండా వెళ్లి కలువు. ఎవరికి ఓటేశారని అడగకు, ఆ రోజు తమ చేతులతో ఏం చేశారో అడుగు.

కమాలుద్దీన్ 1989, 1991, 1996లలో కాంగ్రెస్ తరఫున గెలిచారు. చివరిసారి తెలుగుదేశం చీలి ఉందని గుర్తుంచుకుంటే ఆ భాగం త్వరగానే ముగుస్తుంది. చాడ సురేష్ రెడ్డి 1998, 1999 రెండుసార్లూ తెలుగుదేశం అభ్యర్థే. అయితే మొదటిసారి ఆ పార్టీ ఐక్య సంఘటన (యునైటెడ్ ఫ్రంట్) కూటమిలో ఉండి బీజేపీకి ఎదురు నిలిచింది, రెండోసారి బీజేపీతో పొత్తులో ఉంది. బి. వినోద్ కుమార్ 2004లో తెలంగాణ రాష్ట్ర సమితి తరఫున కాంగ్రెస్ పొత్తుతో గెలిచారు, 2008 ఉప ఎన్నికలో అదే కాంగ్రెస్ మీద గెలిచారు. పట్టికలో పొత్తుకు ఒక గడి విడిగా పెట్టమని చెప్పడం ఇందుకే.

పట్టికలో 2008 వరుసకు కావలసిన అంకెలు సార్వత్రిక ఎన్నికల నివేదికల్లో దొరకవు, ఉప ఎన్నికల లెక్కల్లో వెతకాలి. కొత్త పునర్విభజన ఉత్తర్వు ఆ ఫిబ్రవరిలోనే అమల్లోకి వచ్చింది. అయినా ఉన్న సభకు జరిగే ఉప ఎన్నిక కనుక మే నెలలో జనం పాత హద్దుల్లోనే ఓటేశారు. 2009 నాటికి హనుమకొండ లోక్‌సభ స్థానం లేకుండా పోయింది, వరంగల్ లోక్‌సభ స్థానం ఎస్సీలకు రిజర్వయింది, హనుమకొండ శాసనసభ స్థానం వరంగల్ పశ్చిమగా మారింది, శాయంపేట, కమలాపూర్ పేర్లు శాసనసభ జాబితా నుంచి పోయాయి. ఏ మండలం ఎటు వెళ్లిందో పునర్విభజన ఉత్తర్వు తెచ్చుకుని నీ చేత్తో పటం గీసి రంగులు వెయ్యి. ఆ పటం, పట్టిక పూర్తికాగానే వ్యాసం మొదలుపెట్టకముందే నాకు పంపు, ఇద్దరం కూర్చుని ఒక్కో అంకే సరిచూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య